ఆరున్నర శ్రుతి క్లారినెట్, రెండున్నర శ్రుతి సాక్సాఫోన్: దండు బ్యాండు నుంచి కంప్యూటరు దాకా

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం. తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో క్లారినెట్టో, ట్రంపెట్టో, సాక్సాఫోనో వాయించేవాళ్ళు ఉంటే వాళ్ళ చేత తప్పకుండా చదివించండి.

మన పిల్లలు కొందరు పాత బ్యాండు నోటుబుక్కులను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. కాగితాలు పొడైపోతున్నాయి, సిరా వెలిసిపోతోంది, రాసిన చేతులు చాలావరకు లేవు. కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. అయితే ఒక చిక్కు వచ్చింది. ఏ పుస్తకాన్ని విడిగా టైపు చేసి విన్నా పాట పాటలాగే వస్తోంది. అదే పాటకు రెండు మూడు పుస్తకాలు కలిపి వినిపిస్తే మాత్రం మూడు పెళ్ళిళ్ళ మేళాలు ఒకే సందులో ఎదురుపడినట్టు ఉంటోంది. పిల్లలు సాఫ్ట్‌వేర్‌ది తప్పంటారు. పెద్దలు పిల్లలది తప్పంటారు. నిజానికి ఇది ఎవరి తప్పూ కాదు. ఆ కాగితాల మీద రాయకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. అప్పట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ రాయలేదు. ఇప్పుడు తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. ఆ సంగతి ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి నుంచీ చెప్పుకుందాం.

హార్మోనియం మీద సి మెట్టు నొక్కితే సి పలుకుతుంది. వయొలిన్‌కూ అంతే. క్లారినెట్ వాయించే ఆయన ముందున్న కాగితంలో సి అని ఉంటే, ఆయన సి కి నేర్చుకున్న వేళ్ళే వేస్తాడు. బయటికి వచ్చే నాదాన్ని హార్మోనియంతో సరిచూస్తే అది బి ఫ్లాట్. అంటే రాసినదానికి రెండు మెట్లు కింద. (నల్లవీ తెల్లవీ కలిపి వరసగా లెక్కపెట్టేవాటినే ఇక్కడ మెట్లు అంటున్నాం.) ట్రంపెట్, కార్నెట్ కూడా ఇంతే. ఆల్టో సాక్సాఫోన్‌లో సి అని వాయిస్తే వచ్చేది ఇ ఫ్లాట్, తొమ్మిది మెట్లు కింద. ఎఫ్ హార్న్ ఏడు మెట్లు కింద పలుకుతుంది. ఇలా రాసింది ఒకటి, పలికేది మరొకటి అయిన వాటిని ఇంగ్లీషు సంగీతంలో ట్రాన్స్‌పోజింగ్ వాయిద్యాలు అంటారు. నిజంగా పలికే నాదాన్ని కన్సర్ట్ పిచ్ అంటారు.

ఈ లెక్క విని బెదరక్కర్లేదు. మన వాళ్ళకు దీన్ని చెప్పుకునే భాష ఎప్పటి నుంచో ఉంది. గాయకుణ్ణి "మీదెంత శ్రుతి?" అని అడిగితే ఆయన ఒకటనో, ఐదున్నర అనో చెబుతాడు. హార్మోనియంలో సి ఒకటి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఎ ఆరు, బి ఏడు. మధ్యలోని నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. ఆ లెక్కన బి ఫ్లాట్ క్లారినెట్ ఆరున్నర శ్రుతి వాయిద్యం, ఇ ఫ్లాట్ సాక్సాఫోన్ రెండున్నర శ్రుతి వాయిద్యం, ఎఫ్ హార్న్ నాలుగు శ్రుతి వాయిద్యం. హార్మోనియం ఒకటి. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం చిక్కు విడిపోయినట్టే.

ఇంత తిరకాసు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అంటే, వాయించేవాడి సౌకర్యం కోసమే పెట్టారు. క్లారినెట్ సుమారు 1700 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో డెన్నర్ చేతిలో రూపుదిద్దుకుంది. మొదట్లో దానికి మీటలు తక్కువ. అన్ని శ్రుతుల్లోనూ ఒకే కొయ్యతో వాయించడం కష్టం. అందుకని పొడుగు తేడాలతో సి, బి ఫ్లాట్, ఎ క్లారినెట్లు తయారయ్యాయి. కొయ్య మారినా వేళ్ళు మారకూడదు కదా! కాబట్టి కాగితం మీద వేళ్ళకు సరిపడే స్వరమే రాసి, ఏ కొయ్య తీసుకోవాలో పైన చెప్పేవారు. హార్న్, ట్రంపెట్ సంగతీ ఇదే. వాల్వులు లేని రోజుల్లో శ్రుతి మార్చడానికి వేరే పొడుగు గొట్టం తగిలించేవారు, రాత మాత్రం అదే ఉండేది. 1810ల్లో జర్మనీలో స్టోల్ట్‌సెల్, బ్ల్యూమెల్ వాల్వులు కనిపెట్టాక అన్ని స్వరాలూ ఒకే గొట్టంలో పలికాయి. అయినా రాత పద్ధతి మారలేదు.

దాన్ని మరింత గట్టిపరిచినవాడు అడాల్ఫ్ సాక్స్. ఆయన 1840ల్లో సాక్స్‌హార్న్‌లు చేశాడు, 1846లో సాక్సాఫోన్‌కు పేటెంటు తీసుకున్నాడు. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా అన్నీ ఒకే వేళ్ళతో వాయించేలా కుటుంబాలుగా కట్టాడు. సైనిక బ్యాండుకు ఇది వరం. ఒకడు జబ్బుపడితే పక్కవాడు వాడి వాయిద్యం అందుకోవచ్చు. ఆల్టో నేర్చినవాడు మర్నాడే టెనర్ పట్టుకోవచ్చు. ఇంగ్లండు బ్రాస్ బ్యాండ్లలో పెద్ద బేస్ గొట్టానికి కూడా చిన్న కార్నెట్‌కు రాసినట్టే ట్రెబుల్ క్లెఫ్‌లో రాయడం ఇందుకే. కాగితం చూస్తే వేళ్ళు తెలియాలి; శ్రుతి సంగతి వాయిద్యం చూసుకుంటుంది. ఇదీ ఏర్పాటు.

ఈ ఏర్పాటు సరిగా కుదరకపోతే ఏమవుతుందో బ్రిటిష్ సైన్యానికి 1854లో తెలిసొచ్చింది. క్రిమియా యుద్ధానికి వెళ్తూ టర్కీలోని స్కుటారీ దగ్గర పటాలాలు రాణి పుట్టినరోజు పరేడ్ చేశాయి. బ్యాండ్లన్నీ ఒకేసారి రాజగీతం ఎత్తుకుంటే ఏ బ్యాండు పద్ధతి దానిది, ఏ శ్రుతి దానిది. మిత్రదేశాల వాళ్ళ ముందు పరువు పోయిందని బ్యాండ్ల చరిత్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత 1857లో కేంబ్రిడ్జ్ డ్యూక్ పూనికతో లండన్ దగ్గర నెల్లర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల పెట్టారు. బ్యాండు మాస్టర్లకు అక్కడే తర్ఫీదు. ఎంతమంది ఉండాలి, ఏ వాయిద్యానికి ఏ శ్రుతి, ఏ పుస్తకం ఎలా రాయాలి అన్నవి ఒక దారికి వచ్చాయి. ఆ దారే దండ్లు ఉన్న ప్రతి ఊరికీ వచ్చింది.

ఇప్పుడు మన కౌల్ బజార్ దగ్గరికి వద్దాం. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగించాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. బళ్ళారి దత్త మండలాల్లో ముఖ్యమైన దండు అయింది. కోట, కంటోన్మెంటు, సివిల్ స్టేషన్, బ్రూస్ పేట, మెల్లర్ పేట, కౌల్ బజార్ ఇలా ఊరు ముక్కలు ముక్కలుగా పెరిగింది. వీటిలో కౌల్ బజార్ దండును అంటిపెట్టుకుని బతికిన బజారు. మన పేటలో తెలుగు, కన్నడం, ఉర్దూ, తమిళం ఒకే గుమ్మం ముందు వినిపించడానికి కారణం కూడా అదే: మద్రాసు సైన్యం వెంట దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు, బండ్లవాళ్ళు, వంటవాళ్ళు, వ్యాపారులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పటాలాలకు యూనిఫారాలు కుట్టిన చేతుల నుంచే ఇవాళ్టి బళ్ళారి జీన్స్ పరిశ్రమ పెరిగిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. అయితే దండు వదిలివెళ్ళింది కత్తెర, కొలత టేపు మాత్రమే కాదు. బ్రిటిష్ పటాలాలకే కాదు, మద్రాసు సైన్యంలోని దేశీ పటాలాలకూ బ్యాండ్లు ఉండేవి. పటాలాల్లో నేర్చిన ఆ విద్యే దేశమంతటా దండ్ల నుంచి పెళ్ళి ఊరేగింపుల్లోకి వచ్చింది. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, "బ్యాండు మాస్టరు" అన్న మాట, అన్నీ అక్కడివే.

వాయిద్యాలూ అదే దారిలో వచ్చాయి. సీమ నుంచి వచ్చినవి కొన్ని. తర్వాత మీరట్‌లో తయారైనవి. అక్కడ సైనిక బ్యాండులో పనిచేసిన నాదిర్ అలీ పేరుతో 1885లో మొదలైన కంపెనీ, దాని చుట్టూ పెరిగిన జలీ కోఠీ బజారు ఇప్పటికీ దేశంలోని బ్యాండ్లకు గొట్టాలు అందిస్తున్నాయి. ఇక్కడ ఒక మెలిక గుర్తుపెట్టుకోండి. పాత బ్రిటిష్ సైనిక బ్యాండ్లు వాడిన శ్రుతి ఇప్పటి శ్రుతి కాదు. ఇప్పుడు ఎ స్వరానికి సెకనుకు 440 కంపనాలు. అప్పటి "హై పిచ్" దాదాపు 452. తేడా సుమారు అర మెట్టు. సైన్యం 1920ల చివర్లో దాన్ని వదిలింది, ఇంగ్లండు బ్రాస్ బ్యాండ్లు 1960ల దాకా పట్టుకునే ఉన్నాయి. కాబట్టి ఎవరింట్లోనైనా తాతల నాటి కార్నెట్ ఉండి, దాని శ్రుతి హార్మోనియంలో ఆరున్నరకూ ఏడుకూ మధ్యన ఎక్కడో నిలబడితే, గొట్టం చెడిపోయిందని తీర్మానించకండి. అది హై పిచ్ వాయిద్యం కావచ్చు.

ఇంతవరకు సీమవాళ్ళ కథ. ఇప్పుడు మన కథ చూద్దాం. రాసింది ఒకటి పలికేది ఒకటి అన్నది మనకు నిజంగా కొత్తా?

కచేరీకి వచ్చే వేణువు విద్వాంసుడి సంచి చూడండి. అందులో ఐదారు వేణువులు ఉంటాయి. గాయకుడిది ఎంత శ్రుతి అయితే అంత వేణువు తీస్తాడు. వేళ్ళు అవే, స్వరాల పేర్లు అవే. నాదస్వరం కూడా అంతే. పొడుగు బారికి ఒక శ్రుతి, పొట్టి తిమిరికి మరొక శ్రుతి. "స" ఎక్కడంటే రెంటిలోనూ అదే వేలి దగ్గర. ఇక బళ్ళారి అంటే నాటకం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ తిరిగిన ఊరు ఇది. పద్యనాటకం చూసినవాళ్ళకు స్కేల్ ఛేంజర్ హార్మోనియం తెలుసు. మెట్ల పలకను పక్కకు జరిపితే అవే వేళ్ళకు వేరే శ్రుతి పలుకుతుంది. రాముడి వేషధారికి ఒక శ్రుతి, చంద్రమతి వేషధారికి ఒక శ్రుతి, హార్మోనిస్టుకు మాత్రం వేళ్ళు మారవు. ఆ పెట్టె పచ్చి ట్రాన్స్‌పోజింగ్ వాయిద్యం. మనం ఆ పేరు పెట్టలేదు, అంతే.

పేరు పెట్టాల్సిన అవసరం ఎందుకు రాలేదంటే, మన రాతలో శ్రుతే ఉండదు. స రి గ మ అని రాస్తే అది ఏ శ్రుతికైనా సరిపోతుంది. పాట వేరు, శ్రుతి వేరు అని మన పద్ధతి మొదటే విడదీసి పెట్టింది. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినిని ఒకటి శ్రుతి వాడు చూసినా ఐదు శ్రుతి వాడు చూసినా ఒకే పాఠం. ఆ పుస్తకం రావడానికి ముందు నుంచీ దీక్షితులను ప్రోత్సహించిన చిన్నస్వామి మొదలియారు, 1890ల్లో మద్రాసులో త్యాగరాజు తెలుగు కీర్తనలను ఐదు గీతల స్టాఫ్ నొటేషన్‌లో అచ్చు వేశారు. గీతల మీద పెట్టాలంటే "స" ను ఎక్కడో ఒక చోట కూర్చోబెట్టక తప్పదు. పాటతో పాటు ఒక శ్రుతిని కూడా కాగితానికి కట్టేసినట్టే. రెండు పద్ధతుల మధ్య తేడా అంతా ఇక్కడే ఉంది.

బ్యాండు సంగీతం మన వాళ్ళ చెవిన పడటం అంతకు చాలా ముందే జరిగింది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోట బ్యాండు వరసలు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. సుమారు నలభై నొట్టుస్వరాలు, అన్నీ శంకరాభరణ స్వరాల్లోనే. బ్రిటిష్ రాజగీతం వరసకు కూడా "సంతతం పాహిమాం" అని ఒకటుంది. బ్యాండువాడు బి ఫ్లాట్‌లో ఊదాడా, సి లో ఊదాడా అన్నది దీక్షితులకు పట్టలేదు. ఆయన చెవికి అది స గ ప. మన చెవి తీరే అంత. ఇటు కర్ణాటకలో కద్రి గోపాలనాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సాఫోన్ విని, నాదస్వర కుటుంబం నుంచి వచ్చిన చెవితో దాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చి, 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ ప్రామ్స్ దాకా తీసుకెళ్ళారు.

ఈ రెండు పద్ధతులూ కలిసిన చోటే మన బ్యాండు నోటుబుక్కు. కొన్నింట్లో ఐదు గీతలు, కొన్నింట్లో తెలుగులోనో కన్నడంలోనో స రి గ మ, కొన్నింట్లో సి డి ఇ అక్షరాలు. స రి గ మ రాసినవాటితో ఇబ్బంది లేదు. గీతలూ, అక్షరాలూ ఉన్నవాటితోనే ఇబ్బంది. పైన పాట పేరు ఉంటుంది, కొన్నిసార్లు సినిమా పేరు ఉంటుంది, వాయిద్యం పేరు ఉండదు. ఎందుకుండాలి? ఆ పుస్తకం ఎప్పుడూ ఆ క్లారినెట్ పెట్టెలోనే ఉండేది. అది క్లారినెట్ పుస్తకమని పెట్టె చెప్పేది. పెట్టె అమ్ముడుపోయింది, పుస్తకం అటక మీద మిగిలింది. పాటను శ్రుతికి కట్టిన ముడి ఆ పెట్టెతో పాటే పోయింది.

ఇక కంప్యూటరు. ఫినాలే 1988 నుంచి, సిబేలియస్ 1993 నుంచి, డోరికో 2016 నుంచి ఉన్నాయి. మ్యూజ్‌స్కోర్ డబ్బు కట్టకుండా దొరుకుతుంది కాబట్టి మన పిల్లలు దాన్నే వాడుతున్నారు. ఇవన్నీ ట్రాన్స్‌పోజింగ్ వాయిద్యాలను చక్కగానే చూసుకుంటాయి. లోపల ప్రతి వాయిద్యానికీ ఎన్ని మెట్ల తేడానో లెక్క ఉంటుంది. ఒక మీట నొక్కితే అందరి స్వరాలూ నిజంగా పలికే శ్రుతిలో కనిపిస్తాయి, మళ్ళీ నొక్కితే ఎవరి పుస్తకం వాళ్ళకు కనిపిస్తుంది. మ్యూజ్‌స్కోర్‌లో కింది పట్టీలో కన్సర్ట్ పిచ్ అన్న మీట అదే. సిబేలియస్‌లో దాన్నే తిరగేసి ట్రాన్స్‌పోజింగ్ స్కోర్ అంటారు.

చిక్కు ఆ మీట దగ్గరే. పాట ఒకటి శ్రుతిలో పలకాలనుకోండి. క్లారినెట్ పుస్తకంలో "స" డి దగ్గర రాసి ఉంటుంది, ఆల్టో సాక్సాఫోన్ పుస్తకంలో ఎ దగ్గర. కన్సర్ట్ పిచ్ మీట వేసి ఉండగా క్లారినెట్ పుస్తకాన్ని చూసింది చూసినట్టు టైపు చేస్తే, పలకాల్సింది డి అనే సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. పాట రెండు మెట్లు పైకి పోతుంది. క్లారినెట్ వాళ్ళకు అచ్చు తీస్తే దానికి మరో రెండు మెట్లు కలిపి ఇ అని ఇస్తుంది. సాక్సాఫోన్‌దీ అలాగే టైపు చేస్తే అది తొమ్మిది మెట్లు ఎగురుతుంది. హార్మోనియం ఒకటి దగ్గర, క్లారినెట్ రెండు దగ్గర, సాక్సాఫోన్ ఆరు దగ్గర. పైన చెప్పిన సందులో మూడు మేళాలు ఇవే. వాయిద్యం పేరు అడిగిన చోట పియానో అని వదిలేసి క్లారినెట్ పుస్తకం టైపు చేసినా ఫలితం ఇదే.

దీనిలో అసలు ప్రమాదం ఏమిటంటే, ఒక్క పుస్తకాన్నే టైపు చేసినప్పుడు ఎవరికీ తెలియదు. మనది "స" జరిగే చెవి. శంకరాభరణం డి నుంచి విన్నా సి నుంచి విన్నా శంకరాభరణమే. పాట బాగుంది కదా అని దాచేస్తాం. పదేళ్ళ తర్వాత ఇంకో ఇంట్లో సాక్సాఫోన్ పుస్తకం దొరికి, రెండూ కలిపినప్పుడు బయటపడుతుంది. అప్పటికి అసలు కాగితం ఉంటుందో లేదో. అందుకే టైపు చేసే ముందే పుస్తకం ఏ వాయిద్యానిదో తేల్చాలి. పేరు లేకపోయినా తేల్చడానికి కొన్ని గుర్తులున్నాయి.

మొదటిది, అట్టడుగు స్వరం. సాక్సాఫోన్ పుస్తకంలో మామూలుగా మధ్య సి కి రెండు మెట్లు కింద ఉన్న బి ఫ్లాట్ కంటే దిగువన రాయరు. కార్నెట్, ట్రంపెట్ అయితే ఆరు మెట్లు కింద ఎఫ్ షార్ప్ దాకా. క్లారినెట్ ఎనిమిది మెట్లు కింద ఇ దాకా దిగుతుంది. పుస్తకంలో ఎక్కడైనా ఆ ఇ కనిపిస్తే అది కార్నెట్‌దీ కాదు, సాక్సాఫోన్‌దీ కాదు.

రెండోది, జత చూడటం. ఒకే పాటకు రెండు పుస్తకాలు దొరికితే రెంటిలో "స" ఎక్కడుందో చూడండి. క్లారినెట్ పుస్తకంలో "ప" ఉన్న చోట ఆల్టో సాక్సాఫోన్ పుస్తకంలో "స" ఉంటుంది. క్లారినెట్‌ది ఎ అయితే సాక్సాఫోన్‌ది ఇ. అంటే పాట పలికేది జి, మన లెక్కలో ఐదు శ్రుతి. మొదట్లో షార్పులు వేసి ఉంటే ఇంకా తేలిక: క్లారినెట్ కాగితంలో మూడు షార్పులుంటే సాక్సాఫోన్ కాగితంలో నాలుగు ఉంటాయి, ఎప్పుడూ ఒకటి ఎక్కువ. రెండూ సమానంగా ఉంటే రెండూ ఒకే శ్రుతి వాయిద్యాల పుస్తకాలు.

మూడోది, బ్యాండువాళ్ళ అలవాటు. షార్పులు పెరిగితే వేళ్ళకు కష్టం. అందుకని బ్యాండ్లు ఆరున్నర, రెండున్నర, నాలుగు శ్రుతుల వైపు మొగ్గుతాయి. ఆరున్నరలో క్లారినెట్‌కు ఒక్క షార్పూ ఉండదు, సాక్సాఫోన్‌కు ఒకటే. పుస్తకం నిండా సి నుంచి మొదలయ్యే పాటలే ఉంటే అది హార్మోనియం పుస్తకమని తొందరపడకండి. ఆరున్నర శ్రుతి క్లారినెట్ పుస్తకం కూడా సరిగ్గా అలాగే ఉంటుంది.

టైపు చేసేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. వాయిద్యం తేడాను ఫైలులో దాచేటప్పుడు రెండు అంకెలుంటాయి. మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ అన్న పద్ధతిలో క్లారినెట్‌కు ఒక అక్షరం, రెండు మెట్లు కిందికి అని ఉంటుంది. ఆల్టో సాక్సాఫోన్‌కు ఐదు అక్షరాలు, తొమ్మిది మెట్లు. మెట్లు చాలవా, అక్షరాలెందుకు అంటే, మన వాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే మెట్టు. పేర్లు మాత్రం వేరు. కనకాంగిలో ఆ మెట్టును గాంధారమనే రాయాలి, రిషభమంటే రాగమే తప్పు. గీతల మీద కూడా అంతే, మెట్టు ఒకటైనా అక్షరం మారితే చదివేవాడు తికమకపడతాడు. మిడి ఫైలుగా దాస్తే మెట్టు మిగులుతుంది, పేరు పోతుంది. అందుకే పాటను మిడిగా మాత్రమే దాచడం చాలదు.

ఫలానా సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని నిశ్చింతగా కూడా ఉండలేం. 2024 ఆగస్టులో ఫినాలే తయారీ ఆపేస్తున్నామని దాని కంపెనీ ప్రకటించింది. 35 ఏళ్ళకు పైగా ప్రపంచమంతా వాడిన పనిముట్టు అది. అందులోనే పాటలు దాచుకున్నవాళ్ళు వాటిని వేరే రూపంలోకి మార్చుకునే పనిలో పడ్డారు. కాగితం నోటుబుక్కు మన ఇళ్ళలో అంతకంటే ఎక్కువ కాలమే బతికింది.

కాబట్టి మేము అనుకుంటున్న పద్ధతి ఇది. ప్రతి పుస్తకానికీ మూడు రూపాలు దాచాలి. ఒకటి, పేజీల ఫొటోలు, అట్ట, వెనక అట్ట, మార్జిన్లలో గీకిన లెక్కలతో సహా. రెండు, ఏ వాయిద్యమో సరిగ్గా ఎంచుకుని, కన్సర్ట్ పిచ్ మీట తీసేసి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా టైపు చేసి మ్యూజిక్ ఎక్స్ఎంఎల్‌గా దాచిన ఫైలు. మూడు, తెలుగులో స రి గ మ, పైన ఒక్క వరస: ఏ వాయిద్యం పుస్తకం నుంచి, పలికే శ్రుతి ఎంత. మూడోది ఎందుకంటే, సాఫ్ట్‌వేర్లు వచ్చిపోయినా ఈ ఒక్క కాగితంతో మన మనవళ్ళు ఆ పాటను ఏ గొట్టంలోనైనా, ఏ శ్రుతిలోనైనా వాయించుకోగలరు. వాయిద్యం తేలని పుస్తకాన్ని టైపు చేయకుండా ఫొటోలతోనే ఆపేద్దాం. ఊహించి రాసిన శ్రుతి కంటే ఖాళీగా వదిలిన గడి నయం.

చివరగా ఒక మనవి. ఇళ్ళలో పాత బ్యాండు పుస్తకాలు ఉన్నవాళ్ళు ముందుగా చేయాల్సింది టైపు కాదు, ఫొటో కాదు. ఆ పుస్తకం ఎవరు వాడేవారు, ఆయన ఏ వాయిద్యం వాయించేవారు అని ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక చీటీ రాసి లోపల పెట్టండి. "తాతది పెద్ద గొట్టం కాదు, నల్ల కొయ్యది" అని అవ్వ చెప్పినా చాలు, అది క్లారినెట్ పుస్తకమని తేలిపోతుంది. ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేని మాట అది, చెప్పగలిగినవాళ్ళు ఇంకా మన మధ్య కొందరున్నారు. ఈ దసరా సెలవుల్లో వాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. చీటీ పెట్టిన పుస్తకాలను సంఘానికి తెస్తే పిల్లలు ఫొటోలు తీసుకుని అదే రోజు తిరిగి ఇచ్చేస్తారు.